ఫోనుకి అవతలి వైపు

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి క్రిస్మస్ అంటే ఫోను. నాన్న కువైట్‌లో డ్రైవరు. డిసెంబర్ 25 పొద్దున అమ్మ, చెల్లి, నేను కొత్తబట్టలు కట్టుకుని మంచం మీద వరసగా కూర్చుని ఆయన ఫోను కోసం ఎదురుచూసేవాళ్లం. "ఎప్పుడొస్తారు నాన్నా?" అని అడిగితే ప్రతి ఏడూ ఒకటే జవాబు: "వచ్చేస్తాన్రా, ఇంకెంత."

2023 క్రిస్మస్‌కి ఆ మంచం మీద నేను లేను. ఫిలిప్పీన్స్‌లో, మనీలాకి దక్షిణాన లగూనా ప్రావిన్సులో శాన్ పాబ్లో అనే ఊళ్లో ఉన్నాను. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ల. మిషనరీని. ఇంటికి దూరంగా నా మొదటి పండగ అది. ఆ నెల ఎలా గడిచిందో రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. వచ్చే ఏడాది మన పిల్లలెవరైనా ఇలా బయల్దేరితే వాళ్లకి కాస్త తోడుగా ఉంటుందని.

మాది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. నేను వెళ్లేనాటికి మాలో అబ్బాయిలు 18 నిండాక రెండేళ్లు, అమ్మాయిలు 19 నిండాక ఏడాదిన్నర సువార్త సేవకి వెళ్లొచ్చు. 2025 నవంబర్ నుంచి అమ్మాయిలకీ 18 నిండితే చాలు. జీతం ఉండదు. ఏ దేశమో మనం కోరుకోం. మెడికల్ టెస్టులు, బిషప్ గారితో ఇంటర్వ్యూ, దరఖాస్తు అయ్యాక పిలుపు వస్తుంది, అందులో ఉన్న చోటికి వెళ్తాం. నేను ఇంటర్ అయ్యాక రాజమండ్రిలో సెల్‌ఫోన్ షాపులో పనిచేసి డబ్బు కూడబెట్టుకుని దరఖాస్తు పెట్టాను. పిలుపులో ఫిలిప్పీన్స్ అని చూడగానే అమ్మ అడిగిన మొదటి మాట, "అక్కడ అన్నం తింటారా?" మూడు పూటలా తింటారని తెలిశాక గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

మనీలా శిక్షణ కేంద్రంలో ఆరు వారాలు తగాలోగ్ నేర్పారు. కష్టమే, కానీ నాకు రెండు ఆసరాలు దొరికాయి. ఒకటి, మన సంస్కృతం మాటలు ఎప్పుడో ఓడలెక్కి అక్కడికీ వెళ్లాయి. ముఖం అంటే ముఖా, గురువు అంటే గురో, ఆశ అంటే ఆసా. దుఖా అంటే పేదవాడు. ఆ అర్థం విన్నరోజు చాలాసేపు దాని గురించే ఆలోచించాను. రెండోది 'పో'. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు వాక్యంలో 'పో' రావాల్సిందే. మా గోదావరి వాళ్లకి అండీ లేకుండా మాట బయటికి రాదు కదా, 'పో' నాకు మొదటి రోజే అబ్బేసింది. అలవాటు కానిది మాత్రం ఇంకొకటుంది. అక్కడ అమ్మని 'నానాయ్' అంటారు, నాన్నని 'తాతాయ్' అంటారు. ఎవరో పెద్దావిడని నానాయ్ అని పిలిచినప్పుడల్లా నా నోరు మా నాన్నని పిలుస్తున్నట్టే ఉండేది.

సెప్టెంబర్ చివర్లో శాన్ పాబ్లో చేరాను. ఏడు చెరువుల ఊరంటారు దాన్ని, అవన్నీ అగ్నిపర్వతపు గుంటల్లో నీళ్లు నిండి ఏర్పడ్డవే. ఊళ్లో ఉన్న పెద్దదాని పేరు సంపాలోక్, అంటే చింత. ఎటు చూసినా కొబ్బరిచెట్లే. మా తాతయ్యది కోనసీమ, అందుకని బస్సు దిగగానే సగం బెంగ తీరినట్టనిపించింది. ఆ దేశంలో సెప్టెంబర్ 1 నుంచే క్రిస్మస్ మొదలు. పేరు చివర 'బెర్' ఉన్న నెలలు కదా, బెర్ నెలలంటారు. నేను వెళ్లేసరికే కొట్లలో క్రిస్మస్ పాటలు మోగుతున్నాయి. నవంబర్ వచ్చేసరికి ఇంటింటికీ వెదురుబద్దల నక్షత్రాలు వెలిశాయి. మన వీధుల్లో డాబాల మీద గెడకి కట్టే స్టార్ లాంటిదే, పరోల్ అంటారు.

మిషనరీ దినచర్య పండగ వచ్చినా మారదు. ఆరున్నరకి లేవాలి. తాబోతో బకెట్లో నీళ్లు ముంచి పోసుకోవాలి, అది మన మగ్గే. చదువు, ప్రార్థన, ఆ రోజు ప్లాను. తర్వాత కంపానియన్‌తో, అంటే నాకు జతగా ఉండే ఇంకో మిషనరీతో, కలిసి బయటికి. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు. రాత్రి తొమ్మిదికల్లా గదికి, పదిన్నరకి దీపం ఆర్పాలి. సోమవారం మా సొంత పనులకి. బట్టలు, సరుకులు, ఇంటికి ఫోను. ఒకప్పుడు మిషనరీలు ఇంటితో ఫోన్లో మాట్లాడేది ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం మాట్లాడుకోనిస్తున్నారు. ఆ మార్పుకి నేను రోజూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

నాకు మొదట్లో ఎదురైన ఇబ్బంది మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. అక్కడ భారతీయుల్ని 'బుంబాయ్' అంటారు. బైకుల మీద తిరిగి వడ్డీకి అప్పులిచ్చేవాళ్లలో మనవాళ్లు, ముఖ్యంగా పంజాబీలు, ఎప్పట్నుంచో ఉన్నారు. ఆ అప్పుకి పేరే 'ఐదు-ఆరు': ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. డిసెంబర్లో పండగ ఖర్చులకి అప్పులెక్కువ, వసూళ్లూ ఎక్కువే. నేను గేటు దగ్గర కనబడగానే పిల్లలు "బుంబాయ్!" అని కేకేసి లోపలికి పరుగెత్తేవాళ్లు. ఒక పిల్ల బయటికొచ్చి "అమ్మ ఇంట్లో లేదు పో" అంది. తలుపు సందులోంచి అమ్మ కాళ్లు కనబడుతున్నాయి. మా ఇంటికి డైలీ ఫైనాన్స్ వాళ్లు వచ్చినప్పుడు మా చెల్లి కూడా అచ్చం అలాగే నిలబడి అలాగే చెప్పేది. గుమ్మం ముందు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అప్పటి నుంచి గేటుకి దూరంగానే ఆగి, పేరుబిళ్ల చూపించి, డబ్బుల కోసం రాలేదండీ అని ముందే చెప్పడం అలవాటు చేసుకున్నాను.

డిసెంబర్ మొదటి వారం దాటాక వినడానికి ఎవరికీ తీరిక లేకుండా పోయింది. "పండగయ్యాక రండి" అనడమే. పాఠం చెప్పడానికి కుదరని రోజుల్లో పనులకి సాయం చేశాం. పరోల్‌కి వెదురు చీల్చాం, నీళ్లు మోశాం. నేను కొబ్బరికాయలు వలిచాను. నేలలో పాతిన ఇనప మొనకి కాయ గుచ్చి మెలితిప్పడం అక్కడా ఇక్కడా ఒకటే. సెలవులకి తాతయ్య దగ్గరికి వెళ్లినప్పుడు నేర్చుకున్న పని. ఒక సాయంత్రం మా పక్కింటి నానాయ్‌కి ముప్పై కాయలు వలిచిపెట్టాను. ఆవిడ పక్కన నిలబడి చూసి, "మా వాడికి కూడా ఇంత వేగం లేదు అనక్" అంది. అనక్ అంటే బిడ్డ.

ఈ నానాయ్ గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి, క్యాథలిక్కు. మా పాఠాలు వినలేదు, మా సంఘంలో చేరలేదు, నేను ఆ ఊరు వదిలే వరకూ అంతే. అయినా ఆ డిసెంబర్ నన్ను దాటించింది ఆవిడే. కొడుకు సౌదీలో ఉంటాడు. ఇద్దరు మనవలు ఆవిడ దగ్గరే పెరుగుతున్నారు. ఫిలిప్పీన్స్‌లో డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే పూజ ఉంటుంది. సింబాంగ్ గాబీ అంటారు. తొమ్మిదీ తప్పకుండా వెళ్తే కోరుకున్నది జరుగుతుందని వాళ్ల నమ్మకం. నాలుగింటికి గంటలు మోగేవి. చీకట్లో ఆవిడ చెప్పుల చప్పుడు మా కిటికీ పక్కనుంచి వెళ్లేది. వచ్చేటప్పుడు మా ఇద్దరికీ అరిటాకులో బిబింగ్కా తెచ్చేది. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి మట్టిపాత్రలో పోసి, పైనా కిందా నిప్పులు పెట్టి కాలుస్తారు. మా అమ్మమ్మ దిబ్బరొట్టె మూత మీద నిప్పులు పోసినట్టే. మొదటి రోజు ఆకు విప్పగానే మాడిన అరిటాకు వాసన వచ్చింది. ఆరున్నర ప్రార్థన నేను సరిగ్గా చేయలేకపోయాను.

ఆ మధ్యలోనే రెండు రోజులు జ్వరం వచ్చింది. సోమవారం ఫోన్లో అమ్మ "ఏరా, ముఖం అలా ఉందేంటి?" అంది. "ఏం లేదమ్మా, బాగానే ఉన్నా" అన్నాను. పెట్టేశాక తట్టింది. పదిహేనేళ్లుగా నాన్న చెప్పింది కూడా ఈ మాటే. అందులో ఎన్నిసార్లు జ్వరంతో చెప్పారో!

నా కంపానియన్‌ది లేటె దీవి. 2013 నవంబర్ 8న యోలాండా తుఫాను వచ్చినప్పుడు వాడికి పదేళ్లు. ఇల్లు పోయింది. ఆ ఏడు క్రిస్మస్ గుడారంలో చేసుకున్నారట, సాయం సామాన్లు వచ్చిన ప్లాస్టిక్ సంచులు కత్తిరించి పరోల్ చేశారట. దీపం ఆర్పాక మంచాల మీద పడుకుని ఈ కబుర్లు. నేను 1996 నవంబర్ కోనసీమ తుఫాను గురించి చెప్పాను. నేను పుట్టక ముందుదే, కానీ మా ఇంట్లో అన్నీ అక్కడి నుంచే లెక్క. తాతయ్య తోట ఆ రాత్రే పడిపోయింది, ఆ అప్పులే నాన్నని కువైట్ దాకా నడిపించాయి. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కొబ్బరిచెట్టు మళ్లీ కాయడానికి ఎన్నేళ్లు పడుతుందో మా ఊళ్లోనూ అందరికీ తెలుసు" అన్నాడు.

డిసెంబర్ 20 సాయంత్రం నానాయ్ ఇంటికి పెట్టె వచ్చింది. బయటి దేశాల్లో పనిచేసేవాళ్లు ఓడ మీద పంపే పెద్ద అట్టపెట్టె, బాలిక్‌బాయన్ బాక్స్ అంటారు. వారాల తరబడి ప్రయాణం చేసి వస్తుంది. వాకిట్లో పెట్టి మమ్మల్నీ పిలిచారు. నాలుగు మూలలా టేపు, చుట్టూ తాడు, మూడు వైపులా మార్కరుతో పేరు. చిన్న మనవడు కత్తితో టేపు కోశాడు. రెక్కలు తెరుచుకోగానే ఒక వాసన లేచింది. సబ్బులు, చాక్లెట్లు, కొత్త తువ్వాళ్లు, పాలపొడి, ఇవన్నీ మూసిన అట్టలో నెల్లాళ్లు కలిసి మగ్గితే వచ్చే వాసన. నాకు ఆ వాసన తెలుసు. నాన్న లగేజీ అట్టపెట్టె విప్పిన రోజు మా ఇల్లంతా అదే. చెల్లి తువ్వాలు ముఖానికి అద్దుకుని వదిలేది కాదు. ఇక్కడ నానాయ్ కూడా ఒక తువ్వాలు తీసి, మడత విప్పకుండా, ముక్కు దగ్గర పెట్టుకుంది.

అంతలో కొడుకు వీడియో కాల్ చేశాడు. పెద్ద మనవరాలు కొత్త బూట్లు చూపిస్తూ ఎప్పుడొస్తావని అడిగింది. "మలాపిత్ నా" అన్నాడు. దగ్గరపడింది అని. అవతల చిన్న గది, వెనక మూడంతస్తుల ఇనప మంచం. మంచం కమ్మికి ఆరేసిన చొక్కా. నాన్న ఎప్పుడూ ఫోను ముఖానికి దగ్గరగా ఎందుకు పట్టుకుంటారో, వెనక గది ఎందుకు కనబడనివ్వరో అప్పుడు అర్థమైంది.

24 ఆదివారం. సంస్కార కూడిక, అంటే మా ఆదివారపు ఆరాధన, అయ్యాక కొన్ని ఇళ్లకి వెళ్లాం. పిల్లలు సీసా మూతలు చదునుగా కొట్టి తీగకి గుచ్చి చేసుకున్న గిలకలు వాయిస్తూ "నమామాస్కో పో" అని వీధి వీధీ తిరుగుతున్నారు. పెందలాడే గదికి చేరుకోమన్నారు మమ్మల్ని. అర్ధరాత్రి నోచే బ్వేనా విందుకి ఊరంతా మేలుకుంటే మేం మంచాల మీద పడుకుని విన్నాం. పక్కింట్లో మనవల నవ్వులు, నానాయ్ గొంతు. తొమ్మిది పూజలూ పూర్తి చేసింది ఆవిడ. కొడుకు రాలేదు. మర్నాడు భోజనానికి పిలిచినప్పుడు, ఏం కోరుకున్నారని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది, "వచ్చే ఏడు కూడా తొమ్మిదీ వెళ్తాను." ఆవిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాను. పెద్దల దీవెన అక్కడ అలా తీసుకుంటారు. మన పద్ధతిలో కాళ్లకి దణ్ణం కూడా పెట్టాలనిపించింది, పెట్టాను. కంగారుపడి లేవదీసింది.

ఆ భోజనానికి ముందే, పదకొండింటికి, ఇంటికి ఫోన్ చేశాను. మాకు పదకొండైతే రాజమండ్రిలో ఎనిమిదిన్నర, కువైట్‌లో ఆరు. తెర మీద మూడు గళ్లు. అమ్మ, చెల్లి కొత్తబట్టల్లో మంచం మీద. నాన్న డ్యూటీకి తయారై, ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకుని. అమ్మ తిన్నావా అంది. బిబింగ్కా గురించి చెప్పాను, దిబ్బరొట్టె లాంటిదంటే నమ్మలేదు. నలుగురం కలిసి ప్రార్థన చేద్దామంటే నాన్న నన్నే చేయమన్నారు. తెలుగులో గట్టిగా ప్రార్థన చేసి నాలుగు నెలలైంది. మధ్యలో ఒక చోట 'పో' వచ్చేసింది.

ఆమెన్ అన్నాక చెల్లి అడిగింది, "అన్నయ్యా, ఎప్పుడొస్తావు?"

ఇంకా ఏడాదిన్నర పైనే ఉంది. "వచ్చేస్తానే, ఇంకెంత" అన్నాను.

కువైట్ గడిలో నాన్న ఫోను కాస్త దూరం జరిపారు. మొదటిసారి ఆయన వెనక గది కనబడింది. మంచం, కిటికీ, హాంగరుకి తగిలించిన చొక్కా. "చలిగా ఉందా అక్కడ?" అని అడిగారు. లేదు నాన్నా అన్నాను. ఇక్కడ ఉంది, అన్నారు.

పెట్టేశాక మేమిద్దరం బకెట్లు బయటికి తెచ్చి బట్టలు నానబెట్టాం. సోమవారం కదా.