ఎర్రర్ స్పాటింగ్‌లో చెవిని నమ్మొద్దు

పోటీ పరీక్షల్లో, వాక్యంలో తప్పున్న ముక్కను పట్టుకోమనే ఇంగ్లిష్ బిట్లలో మార్కులు పోయేది చాలాసార్లు రూల్స్ రాక కాదు. రూలు అడిగితే గడగడా చెప్పేవాళ్లే, అది వాక్యంలో దాక్కుంటే 'నో ఎర్రర్' పెట్టేసి ముందుకెళ్తారు. చదువుతుంటే చెవికి బాగుంది మరి!

'ది లిస్ట్ ఆఫ్ ది సెలెక్టెడ్ క్యాండిడేట్స్ / హావ్ బీన్ రిలీజ్డ్ / ఆన్ ది వెబ్‌సైట్.' ఎక్కడా పంటి కింద రాయి తగలదు. వెర్బ్ పక్కనే ప్లూరల్ మాటను కూర్చోబెట్టడమే ఇక్కడి మాయ. ముందు వెర్బ్ కింద గీత గీయండి. రిలీజైంది ఏమిటి? అభ్యర్థులు కాదు, లిస్ట్. 'ఆఫ్' దగ్గర్నుంచి వెర్బ్ దాకా కొట్టేస్తే 'ది లిస్ట్ హావ్' అని తప్పు బయటపడుతుంది. 'హాజ్' రావాలి. 'యాజ్ వెల్ యాజ్', 'అలాంగ్ విత్' వచ్చినా ఇదే కత్తెర. 'ఐదర్-ఆర్', 'నైదర్-నార్' ఉంటే మాత్రం వెర్బ్‌కి దగ్గరున్న సబ్జెక్టుదే పెత్తనం.

టెన్స్‌లో దెబ్బతీసేది మన తెలుగే. 'మూడేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను' అనుకుని 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అని రాస్తాం. ఇందులో తప్పులు రెండు. ఎప్పుడో మొదలైన పని ఇంకా సాగుతోంది కాబట్టి 'హావ్ బీన్ వర్కింగ్'. మూడేళ్లు అనేది కొలత కాబట్టి 'ఫర్'. 'సిన్స్'కి మొదలైన చోటు కావాలి: సిన్స్ 2021, సిన్స్ మండే. 'సిన్స్ లాస్ట్ త్రీ ఇయర్స్' కూడా తప్పే, అక్కడా 'ఫర్ ది లాస్ట్ త్రీ ఇయర్స్' అనాలి. దీనికి ఎదురు తప్పు ఇంకొకటి: 'ఎస్టర్‌డే', 'ఇన్ 2019' లాంటి గడిచిపోయిన కాలం కనబడితే 'హావ్ సీన్' కుదరదు, 'సా' రావాలి.

'నాకు ఇద్దరు అన్నలున్నారు'ని 'ఐ యామ్ హావింగ్' అనకూడదు, 'ఐ హావ్' చాలు. 'ఐ యామ్ హావింగ్ లంచ్' మాత్రం సరైనదే, తినడం పని కదా.

ప్రిపోజిషన్లలో లాజిక్ వెతక్కుండా బట్టీ పట్టడమే మేలు. 'డిస్కస్', 'మెన్షన్' తర్వాత 'అబౌట్' వద్దు. 'సుపీరియర్', 'సీనియర్', 'ప్రిఫర్' తర్వాత 'దాన్' కాదు, 'టు'.

'ఎ', 'యాన్' తేల్చడానికి మన లిపే పనికొస్తుంది. మాటను తెలుగులో రాయండి. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో అయితే 'ఎ'. అవర్, ఆనెస్ట్, ఎమ్మెల్యే: యాన్. యూనివర్సిటీ, యూరోపియన్, వన్-వే రోడ్: ఎ. కొన్నిచోట్ల మాత్రం ఈ చిట్కా బోల్తా కొడుతుంది. యాపిల్, యాక్టర్ అని మనం 'య'తో రాసుకుంటాం గానీ ఇంగ్లిష్‌లో అక్కడ పలికేది అచ్చే. కాబట్టి 'యా'తో మొదలయ్యే మాటకు స్పెల్లింగ్ కూడా చూడండి. 'ఏ' అక్షరంతో మొదలైతే 'యాన్', యార్డ్ లాగా 'వై'తో మొదలైతే 'ఎ'. ఇయర్ (సంవత్సరం), ఎల్లో లాంటివి మనం అచ్చుతో రాసుకున్నా, స్పెల్లింగ్ 'వై'తో మొదలై 'య'గానే పలుకుతాయి కాబట్టి వాటికీ 'ఎ'.

మాక్ టెస్ట్ అయ్యాక తప్పుపోయిన బిట్ల జవాబులు ఎక్కించుకోవడం కన్నా, పక్కన కారణం ఒక్క ముక్కలో రాయండి: 'సబ్జెక్ట్ దూరం', 'కాలం మాట', 'తెలుగు అనువాదం'. పదిహేను టెస్టుల తర్వాత ఆ కారణాలు మాత్రమే చదివితే ఏ చాప్టర్ తిరగేయాలో తెలిసిపోతుంది. ఇక పరీక్షలో 'నో ఎర్రర్' పెట్టబోయే ముందు వరసగా నాలుగు చూడండి: వెర్బ్‌కి అసలు సబ్జెక్ట్, కాలం మాట, ప్రిపోజిషన్, ఆర్టికల్.