89 అడుగుల వ్యాగన్లను మలుపు తిప్పడానికి నేను పడ్డ పాట్లు

కాజీపేట, విజయవాడ మీదుగా బొగ్గు మోసుకెళ్లే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు 11 మీటర్లకు కాస్త తక్కువే. అమెరికాలో కొత్త కార్లను మోసే ఆటోర్యాక్ మాత్రం 89 అడుగులు, అంటే 27 మీటర్లు. మన ఎల్‌హెచ్‌బీ ప్రయాణికుల పెట్టె కూడా అంత పొడవుండదు. ఒహాయో రాష్ట్రంలో నేనుండే కొలంబస్‌కు దగ్గర్లోని మేరీస్‌విల్‌లో 1982 నుంచి హోండా కార్లు తయారవుతున్నాయి. ఈ చుట్టుపక్కల రైల్వే గేటు పడిందంటే ఆటోర్యాక్‌ల వరస ఒకటి ఎదురుపడటం మామూలే. అలాంటి వరస మా బేస్‌మెంట్‌లోని మోడల్ రైలు లేఅవుట్ మీద కూడా నడవాలని ఎప్పటినుంచో కోరిక.

నాది హెచ్ఓ స్కేలు. అసలు కొలతలో 87వ వంతు. అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఆటోర్యాక్ నమూనా 311 మిల్లీమీటర్లు, స్కేలు బద్ద కంటే కాస్త ఎక్కువ. అది నడవాల్సిన పట్టాల మధ్య దూరమేమో 16.5 మిల్లీమీటర్లు. నా లేఅవుట్ మూలల్లో మలుపులు 24 అంగుళాల వ్యాసార్ధంతో వేసినవి. అసలు కొలతలో నలభై, యాభై అడుగులుండే, నాలుగు వైపులా మూసిన బాక్స్‌కార్లు వాటి మీద ఏళ్ల తరబడి పేచీ లేకుండా తిరిగాయి.

వ్యాగన్ వచ్చిన అట్టపెట్టె మీద కూడా 24 అంగుళాలు చాలనే ఉంది. ఆ మాట అబద్ధం కాదు. ఒంటరిగా వదిలితే ఆటోర్యాక్ చక్కగా తిరిగింది. ఇంజనుకు, బాక్స్‌కార్లకు మధ్య తగిలించేసరికి మొదటి మూలలోనే బండి పట్టాలు తప్పింది. ఫోనులో నెమ్మది వీడియో తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ముందుగా పట్టాలు దిగుతున్నది ఆటోర్యాక్ కాదు, దాని వెనకున్న నలభై అడుగుల బాక్స్‌కారు. దాని ముందు చక్రం పైకి లేచి, పట్టా అంచు మీద క్షణం పాటు నిలిచి, బయటికి జారిపోతోంది.

కాగితం మీద లెక్క వేశాను. వ్యాగన్ అడుగున చక్రాలుండే చట్రాలు, అంటే ట్రక్కులు, పట్టాను అంటిపెట్టుకునే ఉంటాయి కాబట్టి, మలుపులో పొడవాటి వ్యాగన్ నడుము లోపలికి వస్తుంది, చివర్లు బయటికి పోతాయి. 24 అంగుళాల మలుపులో ఆటోర్యాక్ చివర దాదాపు 9 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. నలభై అడుగుల బాక్స్‌కారు చివర రెండు మిల్లీమీటర్లు కూడా జరగదు. మధ్యనున్న ఏడు మిల్లీమీటర్ల తేడాను వ్యాగన్లను కలిపే కొక్కెం, అంటే కప్లర్, భరించాలి. అది అంత పక్కకు తిరగలేదు. తిరగలేక తేలిగ్గా ఉన్న బాక్స్‌కారును పక్కకు లాగేస్తుంది. అసలు రైల్వేల్లోనూ ఇదే బాధ. పొడవాటి వ్యాగన్ పక్కన పొట్టిదాన్ని ఎక్కడ పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో చెప్పే నిబంధనలు అక్కడా ఉన్నాయి.

ఈ అభిరుచి ఉన్నవాళ్ల మధ్య ఒక లెక్క వాడుకలో ఉంది. మలుపు వ్యాసార్ధం వ్యాగన్ పొడవుకు రెండున్నర రెట్లుంటే ఒకే పొడవున్నవి నడుస్తాయి. మూడు రెట్లుంటే పొట్టివీ పొడుగువీ కలిపినా నడుస్తాయి. ఐదు రెట్లుంటే మలుపులోనే కప్లర్లు సులువుగా తగులుకుంటాయి. ఆటోర్యాక్‌కు మూడు రెట్లంటే 37 అంగుళాలు. నా 24 రెండు రెట్లకు కూడా రాదు. కప్లర్లు మార్చో, బరువు పెంచో నెట్టుకురావచ్చని సలహాలిచ్చినవారున్నారు. నాకు నచ్చలేదు. మూల తవ్వాల్సిందే అనుకున్నాను.

తూర్పు మూల 36 అంగుళాలకు పెరగాలంటే బల్ల వాషింగ్ మెషిన్ వైపు జరగాలి. మా ఆవిడ టేపు పట్టుకుని వచ్చి కొలిచింది. "దీని తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. ఆ తర్వాత మీ రైలు, మీ ఇష్టం" అంది. తెరుచుకుంటుంది, బొటనవేలు పట్టేంత సందు మిగిలింది. పడమటి మూలలో వాటర్ హీటర్ ఉంది, దానితో బేరాలు కుదరవు. అక్కడ 30 దగ్గరే ఆగి, ఆ మలుపును కొండ కింద సొరంగంలో దాచేశాను. అక్కడ నడిస్తే చాలు, అందం ఎవరికీ కనపడదు.

కొత్త పట్టా వేసేటప్పుడు బాగా అక్కరకొచ్చిన పనిముట్టు పెన్సిలే. ఆటోర్యాక్ నడుముకు లోపలి వైపు ఒకటి, చివర మూలకు బయటి వైపు ఒకటి టేపుతో అంటించి, ములుకులు బల్లను తాకేలా సర్ది, చేత్తో మెల్లగా తోశాను. ప్లైవుడ్ మీద రెండు గీతలు పడ్డాయి. ఆ గీతల మధ్య స్తంభం, గోడ, సిగ్నల్ ఏదీ ఉండకూడదు. జంట పట్టాల మధ్య నేను వదిలిన రెండు అంగుళాలు తిన్నగా ఉన్నచోట సరిపోయాయి. మలుపులో రెండున్నరకు పెంచాను. సొరంగం ముఖద్వారాన్ని కూడా లోపలి వైపు చెక్కి వెడల్పు చేశాను. తిన్నని పట్టా నుంచి మలుపులోకి ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా ఒంపు తిరిగేలా మొదట్లో పట్టాను అర అంగుళం పక్కకు జరిపి కలిపాను. బండి కుదుపు లేకుండా మలుపులోకి దిగడం చూస్తే ఆ కాస్త శ్రమకు ఎంత ఫలితముందో తెలుస్తుంది. ఎదురెదురు మలుపులు వెంటవెంటనే వచ్చిన ఒకచోట మధ్యలో వ్యాగన్ పొడవంత తిన్నని పట్టా ఇరికించాను.

తర్వాత వ్యాగన్ల వంతు. అమెరికా మోడల్ రైల్‌రోడ్ సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సిఫారసు ప్రకారం హెచ్ఓలో వ్యాగన్ బరువు ఒక ఔన్సు, దానిపైన అంగుళానికి అర ఔన్సు చొప్పున ఉండాలి. ఆటోర్యాక్‌కు అది 200 గ్రాముల పైచిలుకు. వంటింటి త్రాసు మీద పెడితే నావి తక్కువ తూగాయి. లోటును సీసపు బిళ్లలతో భర్తీ చేసి, అడుగున నేలబారుగా అంటించాను. అసలే ఎత్తైన వ్యాగన్, బరువు పైన చేరితే మలుపులో ఒరుగుతుంది. ఒక ట్రక్కు మర బిగువుగా, రెండోది కాస్త వదులుగా ఉంచితే పట్టా ఎగుడుదిగుడులను చక్రాలు సర్దుకుపోతాయి.

కప్లర్లు ట్రక్కుకు బిగించి ఉంటే మలుపులో ఇబ్బంది తక్కువే, కానీ వెనక్కి తోసినప్పుడు ఆ తోపు నేరుగా చక్రాల మీద పడి బండి పట్టాలు తప్పుతుంది. అందుకే వ్యాగన్ ఒంటికే బిగించి, పక్కకు తిరిగే పొడవు కాడ కప్లర్లు వేశాను. అసలు ఆటోర్యాక్‌లకూ పొడవు కాడ కప్లర్లే ఉంటాయి.

ఇప్పుడు ఆటోర్యాక్‌లన్నీ ఒక్క గుంపుగా, బండి వెనక భాగంలో నడుస్తున్నాయి. తేలికైన పొడవాటి వ్యాగన్ ఇంజను వెనకే ఉండి, వెనక బరువంతా ఎత్తు మీద లాగుతుంటే అది మలుపు లోపలికి వాలి పడిపోతుంది, అందుకని. గుంపుకు ముందు ఒక అరవై అడుగుల వ్యాగన్ తగిలించాను. పొట్టివాటికీ వీటికీ మధ్య తేడాలో కొంత అది పంచుకుంటుంది. యార్డులో పట్టాలు చీలే చోట ఉండే పాయింట్లకు నంబరు పెరిగేకొద్దీ ఒంపు తగ్గుతుంది, అందుకే నాలుగో నంబరువి తీసి ఆరో నంబరువి వేశాను. పాత గోదాముల వైపు సైడింగులోకి మాత్రం ఆటోర్యాక్‌లకు ప్రవేశం లేదు. ఒక పట్టా నుంచి పక్క పట్టాకు దాటే చోట వెనక్కి తోస్తే ఆరో నంబరు మీద కూడా వ్యాగన్లు ఇంకా ఉలిక్కిపడుతున్నాయి. అక్కడ ఎనిమిదో నంబరు పడాలి, దానికి ఇంకో అడుగు బల్ల కావాలి, ఆ అడుగు డ్రయ్యర్ ముందుంది.