మద్రాసు స్కాచ్ సంఘ చరిత్ర రాయబోయి నేను పడిన పాట్లు: నా అనుభవం

చెన్నపట్నంలోని స్కాచ్ ప్రెస్బిటేరియన్ సంఘ (స్కాట్లండువాళ్లు నెలకొల్పిన, బిషప్పు లేని క్రైస్తవ సంఘ) చరిత్రను తెలుగులో ఒక చిన్న పుస్తకంగా రాసి, చివరి ప్రూఫులను నిన్ననే అచ్చాఫీసుకు అందజేశాను. పని పూర్తయిందన్న తృప్తి ఎంత ఉన్నదో, మధ్యలో ఒక కార్యాలయంలో నాకు జరిగిన అవమానం తాలూకు మంట కూడా అంతే ఉన్నది. ఇటువంటి పనికి పూనుకునేవారు మనవాళ్లలో ఇంకా కొందరు ఉంటారు గనుక, జరిగినదంతా మరపున పడకముందే రాస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లావాణ్ణి. ఉపాధ్యాయుడిగా చెన్నైలో పనిచేసి అక్కడే పదవీ విరమణ చేశాను. మా ముత్తాత నెల్లూరులోని స్కాట్లండు మిషను బడిలో చదివి, అక్కడే పంతులు అయ్యాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. తెలుగు క్రైస్తవుల చరిత్ర అనగానే అందరూ నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులను, గుంటూరు లూథరన్లను, విశాఖపట్నం, కడపలలోని లండన్ మిషనును తలుస్తారు గాని ప్రెస్బిటేరియన్ల మాట ఎవరూ ఎత్తరు. అయితే 1841లో మద్రాసులో స్కాచ్ మిషనరీ జాన్ ఆండర్సన్ చేత బాప్తిస్మం పొందిన మొదటి ముగ్గురు విద్యార్థులు రాజగోపాల్, వెంకటరామయ్య, ఎతిరాజులు. ఆ పేర్లు చదివిన తరువాత ఈ చరిత్ర తెలుగులో లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది.

కట్టడం సంగతి రాయడం అన్నిటికంటే సులువు. ఎగ్మోరులో పూనమల్లి హై రోడ్డు పక్కన ఉన్న సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌కు (కిర్క్ అంటే స్కాచ్ మాటలో చర్చి) 1818లో శంకుస్థాపన జరిగింది, 1821లో ఆరాధన మొదలైంది. లండన్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ గుడిని మాదిరిగా పెట్టుకుని కట్టించినవాడు మేజర్ థామస్ ఫియట్ డి హావిలాండ్ అనే ఇంజనీరు. అక్కడి నేల చిత్తడి నేల కావడంతో మామూలు పునాది నిలవదని గ్రహించి, మన దేశంలో తరతరాలుగా తెలిసిన పద్ధతి ప్రకారం దాదాపు 150 ఇటుక బావులను భూమిలోకి దించి, వాటి మీద గోడలనూ గుండ్రని గుమ్మటాన్నీ నిలబెట్టాడు. ఆ బావుల పునాదికి అడ్డుకోత పటం నేనే నా చేతితో గీశాను. తెలుగులో ఇంత వివరమైన పటం ఇంతకు ముందు ఎవరూ ఇచ్చి ఉండరని నా నమ్మకం.

సంఘం పుట్టుక కూడా అచ్చుపుస్తకాలలోనే దొరికింది. 1813లో ఈస్టిండియా కంపెనీ సన్నదు (అధికారపత్రం) తిరగరాసినప్పుడు ఇంగ్లండు సంఘానికి కలకత్తాలో బిషప్పును ఇచ్చారు. స్కాట్లండువాళ్లు తమకూ న్యాయం కావాలని పట్టుబట్టడంతో మద్రాసు, బెంగాలు, బొంబాయి అనే మూడు రాజధానులకూ (ప్రెసిడెన్సీలకూ) తలా ఒక కంపెనీ తరఫు పాదిరీని, అంటే స్కాచ్ చాప్లిన్‌ను ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. అలా మద్రాసుకు వచ్చిన మొదటివాడు డాక్టర్ జాన్ అలన్. స్కాచ్ పాదిరీలు ఇండియాలో జరిపించే పెళ్లిళ్లు చెల్లుతాయా అన్న సందేహం మాత్రం అప్పటికి తీరలేదు. దానిని తీర్చడానికి 1818లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. ఆ తరువాతనే ఈ సంఘం వివాహాల రిజిస్టరుకు అనుమానాలకు తావులేని విలువ ఏర్పడింది. పాత పెళ్లి దాఖలా వెతికేవారు ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు కాగితాలు ఎక్కడ ఉన్నాయన్న ప్రశ్నతో మొదలైంది. కిర్క్ చాప్లిన్లు 1835లో ప్రారంభించిన బడిని 1837లో ఆండర్సన్ వచ్చి చేపట్టాడు. 1843లో స్కాట్లండులో సంఘం రెండుగా చీలినప్పుడు ఆండర్సన్, ఆయన సహచరులు విడిపోయి ఏర్పడిన ఫ్రీ చర్చి పక్షం వహించారు. ప్రభుత్వ చాప్లిన్లు, ఎగ్మోరు గుడి పాత సంఘానికే మిగిలిపోయారు. నెల్లూరు బడి కూడా ఆండర్సన్ శాఖలలో ఒకటి కావడం చేత ఫ్రీ చర్చి వైపుకే వెళ్లింది. పారిస్ కార్నర్ దగ్గర ఆయన పేరుతో ఉన్న ఆండర్సన్ చర్చి ఆ రెండో శాఖదే. ఆయన బడి పెరిగి పెరిగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయి 1937లో తాంబరం చేరింది. 1900లో ఫ్రీ చర్చి మరొక సంఘంతో కలిసింది, 1908లో ఇక్కడ దక్షిణ ఇండియా ఐక్య సంఘం ఏర్పడింది, 1929లో స్కాట్లండులో చీలినవాళ్లు తిరిగి కలిశారు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ప్రారంభమైంది. సంఘం పేరు మారిన ప్రతిసారీ కాగితాల పెట్టెలు కూడా చేతులు మారడం సహజం. కాబట్టి మీకు కావలసిన మనిషి ఏ సంవత్సరంలో, ఏ శాఖలో ఉన్నాడో తేల్చుకోకుండా ఏ కార్యాలయం గుమ్మమూ ఎక్కకండి.

ప్రెస్బిటేరియన్ పద్ధతిలో బిషప్పు ఉండడు. పాదిరీ, సంఘ పెద్దలు కలిసి కూర్చునే సభను కిర్క్ సెషన్ అంటారు. దాని పైన ప్రెస్బిటరీ, ఆ పైన సినడు, అన్నిటి పైన జనరల్ అసెంబ్లీ ఉంటాయి. ప్రభు భోజన సంస్కారానికి ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని పిలిచి మందలించారు, పేదల నిధిలోనుంచి ఏ విధవరాలికి సాయం చేశారు అన్నవి సెషన్ మినిట్సు పుస్తకంలో ఉంటాయి. అచ్చుపుస్తకాలలో పాదిరీల పేర్లు, దాతల పేర్లు కనిపిస్తాయే గాని, వరసల్లో కూర్చున్న మనుషులు కనబడాలంటే ఈ మినిట్సు, బాప్తిస్మపు రిజిస్టర్లు చూడవలసిందే. అవి చూడకుండా సంఘ చరిత్ర రాశానని చెప్పుకోవడం నాకు తప్పుగా తోచింది.

పాత రిజిస్టర్లు కొన్ని నగరంలోనే ఒక సంస్థ స్వాధీనంలో ఉన్నాయని తెలిసి అక్కడికి వెళ్లాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. పాస్టరు గారి ఉత్తరం కావాలన్నారు, తీసుకువెళ్లాను. ఆ ఉత్తరం మీద తేదీ ఉన్నది గాని నంబరు లేదన్నారు, నంబరు వేయించి తీసుకువెళ్లాను. అప్పుడు మీరు ఏ విశ్వవిద్యాలయం తరఫున వచ్చారని అడిగారు. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, సొంతంగా రాస్తున్నానని చెప్పగానే ఆ అధికారి ముఖం మారిపోయింది. పరిశోధకులకే రిజిస్టర్లు చూపిస్తామనీ, కుటుంబాల వారికైతే తమ పూర్వీకుల పేరు ఆ రిజిస్టరులో ఉన్నట్టు రుజువు తెస్తేనే చూపిస్తామనీ అన్నాడు. రిజిస్టరు చూస్తేనే కదా పేరు ఉన్నదో లేదో తెలిసేది, దానికి రుజువు ముందుగా ఎక్కడినుంచి తేగలను అని నెమ్మదిగా, మర్యాదగానే అడిగాను.

ఆయన నాకు జవాబు చెప్పలేదు. బాప్తిస్మపు ధ్రువపత్రాల కోసం పిల్లలను ఎత్తుకుని వచ్చి బల్లల మీద కూర్చున్న జంటలన్నీ వినేటట్టుగా గుమాస్తా వైపు తిరిగి, "తాతల పేర్లు వెతుక్కోవడానికి వచ్చిన ప్రతి ముసలాయనకూ పుస్తకాలు దించి చూపిస్తూ కూర్చుంటే మన పని ఎవరు చేస్తారు? ఇది పొద్దుపోక వచ్చే చోటా?" అని తమిళంలో అన్నాడు. నాకు తమిళం రాదనుకున్నాడో, వచ్చినా ఏమీ అనలేననుకున్నాడో తెలియదు. నేను ఆ నగరంలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ గదిలో నాకు కుర్చీ కూడా చూపించలేదు. నా చేతిలోని ఉత్తరాన్ని ఆయన మడతపెట్టి నా వైపు తోసిన తీరు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నది. బల్ల మీద కూర్చున్న ఒక యువతి లేచి తన చోటు నాకు ఇవ్వబోయింది. ఆ దయను కూడా ఆ క్షణాన స్వీకరించలేక బయటికి వచ్చేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ రిజిస్టర్లలోని పేర్లు సంఘానివి. కులాన్నీ, ఇంటినీ, కొన్నిసార్లు తల్లిదండ్రులనూ వదులుకుని వచ్చినవారి పేర్లు అవి. 1841లో ఆ ముగ్గురి బాప్తిస్మం తరువాత ఆండర్సన్ బడిలో చాలామంది పిల్లలను తల్లిదండ్రులు మాన్పించారు. రాఘవులు అనే యువకుడి విషయంలో బంధువులు మద్రాసు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అంత ఖరీదు చెల్లించి ఆ పుస్తకంలోకి ఎక్కిన పేరును ఈ రోజు ఆ మనిషి మునిమనుమడు చూడకూడదనడానికి ఏ అధికారికీ హక్కు లేదు. పుస్తకాలను కాపాడడం అంటే చెదలనుంచీ తడినుంచీ కాపాడడమే గాని మనుషులనుంచి దాచిపెట్టడం కాదు. ఆ గది కిటికీ పక్క బీరువా మీద రిజిస్టర్లు విప్పి ఉన్న తీరు చూస్తే, వాటిని చెదలనుంచి కాపాడే ప్రయత్నం కూడా పెద్దగా జరుగుతున్నట్టు లేదు.

నాకు దారి చూపినవాడు ఆ కార్యాలయంలోనే పనిచేసే ఒక యువ సహాయకుడు. నేను మెట్లు దిగుతుండగా వెనకాలే వచ్చి, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు ఒక దాఖలా వెతికి నకలు ఇవ్వవలసిందిగా దరఖాస్తు రాసి, ఏడాదికి ఇంత అని రుసుము కడితే వాళ్లు తప్పక వెతకాలనీ, ఆ నియమం లోపల గోడకు అంటించి ఉన్నదనీ చెప్పాడు. ఆ గోడ ముందే నేను అంతసేపు నిలబడ్డాను. దానికి ఒక అలమరా అడ్డంగా పెట్టారు. మరునాడు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకుని, నియమం సంఖ్య కూడా అందులో రాశాను. ఈసారి అధికారి ఏమీ మాట్లాడకుండా సంతకం చేశాడు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా "రిజిస్టరు చూపించండి" అని అడగకండి, "ఈ సంవత్సరాల మధ్య దాఖలా వెతికి నకలు ఇవ్వండి" అని కాగితం మీద అడగండి, రసీదు లేకుండా గడప దాటకండి.

నకలు వచ్చింది. మా ముత్తాత పేరు అందులో తప్పుల అక్షరాలతో ఉన్నది, వృత్తి దగ్గర బడి పంతులు అని ఉన్నది, ఊరు నెల్లూరు. ఇంట్లో చెప్పుకున్న మాట నిజమని తేలింది. అదే పుటలో ఉన్న మిగతా పేర్లను కూడా రాసుకోవడానికి ఆ సహాయకుడు నాకు అవకాశం ఇచ్చాడు. నా పుస్తకంలో ఆ పేర్లకు ఒక అధ్యాయం కేటాయించాను. వెతికేటప్పుడు ఒకే పేరుకు ఇంగ్లీషులో ఎన్ని రూపాలు వీలవుతాయో అన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. వెంకటరామయ్యను "వి"తో ఒకచోట, "డబ్ల్యు"తో మరొకచోట వెతకకపోతే దాఖలా చేతిలో ఉండి కూడా దొరకదు.

కాగితాల విషయంలో ఒక విద్వాంసుణ్ణి నమ్మి చాలా కాలం వృథా చేసుకున్నాను. సెషన్ మినిట్సు నకళ్లు తన దగ్గర ఉన్నాయని ఆయన సభల్లో చెప్పుకుంటాడు. అడిగిన ప్రతిసారీ వచ్చే వారం అన్నాడు, చివరికి ఫోను ఎత్తడం మానేశాడు. ఎవరి దగ్గరో ఉన్నాయన్న నకళ్ల మీద ఆధారపడి ఎవరూ పుస్తకం మొదలుపెట్టవద్దు.

దానికంటే చాలా మేలైన దారి ఒకటి ఉన్నది. కంపెనీ కాలంలోనూ ఆ తరువాతా మద్రాసు రాజధానిలోని బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల పట్టికలకు నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి, చాలా భాగం ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ఆ పట్టికలలో ఎక్కువగా కనిపించేది ఐరోపావాళ్లు, ఆంగ్లో ఇండియన్లు. మిషను సంఘాలలో చేరిన మనవారి కోసమైతే ఎడింబరోలో నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండులో ఉన్న మిషను ఉత్తరాల సంపుటాలు చూడాలి. అక్కడికి నేను ఒక ఈమెయిలు రాశాను. ఏ విశ్వవిద్యాలయమని అడగకుండా, వెతుకుతున్న సంవత్సరాలు ఏవో మాత్రం అడిగి, ఏ సంపుటం చూడాలో చెప్పారు. ఆండర్సన్ మిషను నడిపిన "నేటివ్ హెరాల్డ్" పత్రిక సంచికలు ఎక్కడైనా చేతికి చిక్కితే ఒక్కటి కూడా వదలకండి. బడి పరీక్షలు, శాఖల పరిస్థితి, బాప్తిస్మాల వార్తలు అందులో అప్పటికప్పుడు రాసినవి.

పుస్తకం అచ్చయ్యాక ఒక ప్రతిని ఆ యువ సహాయకుడికి నేనే స్వయంగా తీసుకువెళ్లి ఇస్తాను. నెల్లూరు ప్రాంతంలో ఎవరి ఇంట్లోనైనా స్కాట్లండు మిషను బడి తాలూకు బహుమతి పుస్తకం గాని, బాప్తిస్మపు చీటీ గాని ఉంటే, అరువు ఇవ్వనవసరం లేదు. రెండు వైపులా ఫోటో తీసి పంపితే రెండో ముద్రణలో చేరుస్తాను.