కుర్చీలకి గొలుసు వేయని పార్కు

న్యూయార్క్‌లో బ్రయంట్ పార్క్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు నేను చెట్ల కంటే కుర్చీలనే ఎక్కువ చూశాను. ఆకుపచ్చ రంగు, మడత పెట్టే చిన్న కుర్చీలు, ఎక్కడ చూసినా అవే. దేనికీ గొలుసు లేదు, నేలకి బిగించిన బోల్టు లేదు. ఒకాయన వచ్చాడు, ఒక కుర్చీని కాస్త ఎడమకి జరిపాడు, నచ్చక మళ్లీ ఇటు లాగాడు, చివరికి దాదాపు మొదట ఉన్న చోటే వేసుకుని కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత చదివితే తెలిసింది, విలియం వైట్ అని ఒకాయన జనం బహిరంగ స్థలాల్లో ఎలా కూర్చుంటారో కెమెరాలు పెట్టి మరీ ఏళ్ల తరబడి గమనించాడట, ఆయన ఈ అలవాటు గురించి ఎప్పుడో చెప్పాడు. కుర్చీ ఉన్న చోటు బాగానే ఉన్నా మనిషి దాన్ని ఓ రెండంగుళాలు జరుపుకుంటేగానీ కూర్చోడు.

ఇదే పార్కు 1970ల్లో మాదకద్రవ్యాలు అమ్మేవాళ్ల అడ్డా. పగటిపూట కూడా మామూలు మనుషులు చుట్టూ తిరిగి పోయేవారు తప్ప లోపలికి అడుగు పెట్టేవారు కాదు. పోలీసుల్ని పెంచితే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు కదా, వైట్ మాత్రం తప్పు గోడల్లో ఉందన్నాడు. 1930ల్లో పార్కుని వీధి కంటే ఎత్తులో కట్టి, చుట్టూ గోడ, కంచె, గుబురు మొక్కలు పెట్టారు. బయటి నుంచి లోపల ఏం జరుగుతోందో కనపడదు, లోపలికి వెళ్తే త్వరగా బయటపడే దారి దొరకదు. మొక్కలు తీసేయండి, దారులు పెంచండి అన్నాడు. 1988లో మూసి, బాగుచేసి, 1992లో తెరిచారు. కుర్చీలు ఎత్తుకుపోతారని భయపడ్డవాళ్లు ఉన్నారుగానీ, భయపడినంత ఏమీ జరగలేదు.

నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది ఇంకొకటి. ఈ పార్కు సొంతదారు నగరమే అయినా రోజూ నడిపేది నగరం కాదు. చుట్టుపక్కల భవనాల యజమానులు కట్టే అదనపు రుసుముతో, అక్కడి అద్దెలూ స్పాన్సర్ల డబ్బుతో ఒక లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. ఈ పద్ధతి పేరే బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి ముద్దుగా బిడ్ అంటారు. వేలంపాటతో ఏ సంబంధమూ లేదు, పేరు అలా కుదిరింది. నగరం నడిబొడ్డున కొన్ని వీధుల చుట్టూ ఒక గీత గీస్తారు. ఆ గీత లోపల ఆస్తులున్నవాళ్లు మామూలు పన్నుతోపాటు ఇంకొంచెం కట్టాలి. నగరం దాన్ని వసూలు చేసి వాళ్ల సంస్థకే తిరిగి ఇచ్చేస్తుంది, వాళ్లు ఊడ్చుకోవడానికి, దీపాలకి, కాపలాకి, పూలకుండీలకి ఖర్చు పెట్టుకుంటారు. ఒక్క న్యూయార్క్‌లోనే ఇలాంటివి 70కి పైగా ఉన్నాయి.

అయితే ఇది పుట్టింది అమెరికాలో కాదు, కెనడాలోని టొరంటోలో. అక్కడ బ్లూర్ వీధి పడమటి భాగంలో చిన్న చిన్న దుకాణాలు ఉండేవి. జనం ట్రామ్‌లో పోతూ కిటికీలోంచి షాపుల అద్దాల్లోకి చూసేవారు, ఏదైనా నచ్చితే దిగేవారు. 1964లో యార్క్‌డేల్ అనే పెద్ద మాల్ వచ్చింది, 1968లో భూగర్భ మెట్రో ఆ వీధి దాకా వచ్చి ట్రామ్ పోయింది. జనం వీధి కిందినుంచి పోవడం మొదలుపెట్టారు. ప్రయాణికుల సంఖ్య తగ్గిందో లేదోగానీ, వాళ్ల కళ్లు మాత్రం దుకాణాల మీద నుంచి పోయాయి. అద్దాల్లో ఎంత బాగా సర్దితే ఏం లాభం?

వర్తకుల సంఘం పెట్టుకుని చందాలు వేసుకోవచ్చు. కానీ చందాల సంగతి తెలిసిందే, తలా ఒక చెంబు పాలు పోయమంటే అందరూ నీళ్లు పోసిన కథ. పదిమంది కడతారు, ఇరవైమంది "మీరు దీపాలు పెడితే మా గుమ్మం ముందు కూడా వెలుగే కదా" అని నవ్వి ఊరుకుంటారు, మరుసటి ఏడు ఆ పదిమందిలో ఐదుగురు మానేస్తారు. అందుకని అక్కడివాళ్లు ప్రభుత్వాన్నే అడిగారు, మా మీద మీరే తప్పనిసరి రుసుము వెయ్యండి, వసూలు చేసి మాకివ్వండి అని. వ్యాపారులు మాకు పన్ను వెయ్యండి బాబూ అని అడగడం నేను ఇంకెక్కడా వినలేదు. ఒంటారియో రాష్ట్రం చట్టం మార్చింది, 1970లో బ్లూర్ వెస్ట్ విలేజ్ ప్రపంచంలోనే మొదటి బిడ్ అయింది. తర్వాత అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికా, జర్మనీ అంతా పాకింది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది దాని చప్పదనం. డౌన్‌టౌన్‌ని, అంటే నగరం నడిబొడ్డుని, బాగుచేస్తాం అనగానే నాయకులకి స్టేడియం గుర్తొస్తుంది, కన్వెన్షన్ సెంటర్ గుర్తొస్తుంది, రిబ్బన్ కత్తిరించే ఫొటో గుర్తొస్తుంది. రోజూ పొద్దున చెత్త ఎత్తడానికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. ఫిలడెల్ఫియాలో సెంటర్ సిటీ డిస్ట్రిక్ట్ 1991లో మొదలైనప్పుడు వాళ్లు పట్టుకున్నది ముందుగా చీపురే, ఫుట్‌పాత్‌లు శుభ్రంగా ఉంచడం, యూనిఫాం వేసుకున్న మనుషులు వీధిలో కనపడేలా చూడటం. పగిలిన దీపం మర్నాటికల్లా మారిందంటే ఈ వీధిని పట్టించుకునేవాడు ఒకడున్నాడని నడిచే మనిషికి తెలిసిపోతుంది, దాని కోసం బోర్డు పెట్టక్కర్లేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చీపురు పట్టుకున్నవాడికి కొన్నాళ్లకి వీధి తనదే అనిపించడం మొదలవుతుంది, నా పేచీ అంతా దానితోనే. న్యూయార్క్ బిడ్‌ల బోర్డుల్లో ఆస్తి యజమానుల ప్రతినిధులదే మెజారిటీ. ఆ గీత లోపల అద్దెకి ఉండేవాళ్లు, పైఅంతస్తుల్లో కాపురం ఉండేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకీ కాస్త చోటిస్తారుగానీ ఓట్ల లెక్కలో వాళ్ల మాట చెల్లదు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ చుట్టూ ఉన్న బిడ్ మీద ఇదే విషయమై కేసు పడింది, ఒక మనిషికి ఒక ఓటు అనే సూత్రం ఇక్కడెందుకు లేదని. 1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఈ సంస్థ చేసేది పరిమితమైన పని, నగరం పర్యవేక్షణలోనే ఉంది, కాబట్టి ఆ సూత్రం వర్తించదు అంది. చట్టం ప్రకారం సరే. కానీ ఎవరు ఆ వీధిలో కూర్చోవచ్చు, ఎవర్ని లేచి వెళ్లమనాలి, రాత్రి పడుకునేందుకు చోటు లేని మనిషిని ఏం చెయ్యాలి అన్నవి కూడా పరిమితమైన పనులేనా?

బ్రయంట్ పార్క్‌లోనే చూడండి. 1993 నుంచి 2010 దాకా ఫ్యాషన్ వీక్ గుడారాలు ఆ పచ్చిక మీదే వేసేవారు. డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో పార్కు నడుస్తుంది, నిజమే. కానీ అవి ఉన్నన్నాళ్లూ పచ్చిక మీద నేనూ మీరూ కుర్చీ జరుపుకునే వీల్లేదు.

బ్రిటన్ పద్ధతి నాకు కొంచెం నయమనిపిస్తుంది. 2003 చట్టం ప్రకారం ఇంగ్లాండ్‌లో మామూలుగా రుసుము కట్టేది భవనం యజమాని కాదు, అందులో వ్యాపారం చేసేవాడు, ఓటూ అతనిదే. ఓటు వేసినవాళ్లలో సంఖ్యలోనూ మెజారిటీ రావాలి, వాళ్ల భవనాల పన్ను విలువ లెక్కలోనూ రావాలి. పెద్ద సంస్థలు నాలుగు కలిసి చిన్నవాళ్లని తొక్కెయ్యలేవు, చిన్నవాళ్లు కలిసి పెద్దవాళ్ల జేబులో చెయ్యి పెట్టలేరు. అదీ గరిష్ఠంగా 5 ఏళ్లే, తర్వాత మళ్లీ ఓటు. అక్కడా ఇళ్లలో ఉండేవాళ్లకి ఓటు లేదనుకోండి.

ఇంకో సంగతి, చీపురు అన్నీ చెయ్యలేదు. కోవిడ్ తర్వాత ఆఫీసు టవర్లు ఖాళీ అయిపోతే కింద ఎంత ఊడ్చినా మధ్యాహ్నం భోజనానికి దిగే మనుషులు రారు. అది ప్రభుత్వ విధానం చెయ్యాల్సిన పని. లాస్ ఏంజెలెస్ 1999లోనే డౌన్‌టౌన్‌లోని పాత ఆఫీసు భవనాల్ని ఇళ్లుగా మార్చుకోవడానికి నిబంధనలు సడలించింది, సాయంత్రం ఆరు దాటితే నిర్మానుష్యంగా ఉండే చోట కాపురాలు వచ్చాయి. కెనడాలోని కాల్గరీ నగరం 2021లో ఇంకో అడుగు వేసి, ఖాళీ ఆఫీసుని ఇళ్లుగా మార్చేవాళ్లకి చదరపు అడుగుకి 75 కెనడా డాలర్ల సాయం ప్రకటించింది. ఇవి ఏ వర్తకుల బోర్డూ చెయ్యగలిగే పనులు కావు. అలాగని చూసినదల్లా కాపీ కొట్టినా కష్టమే. 1959లో మిషిగన్‌లోని కలమజూ డౌన్‌టౌన్ వీధిలో కార్లు ఆపేసి నడక వీధి చేస్తే, అమెరికాలో ఊళ్లకి ఊళ్లు పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అదే చేశాయి. చాలాచోట్ల తర్వాత మళ్లీ కార్లని రానిచ్చారు, 1998లో కలమజూ కూడా తన వీధిలో కొంత భాగం తెరిచింది.

ఎక్కడైనా కొత్తగా బిడ్ పెడుతున్నారంటే నేను ముందు పూలకుండీల బొమ్మలు చూడను, మ్యాప్ చూస్తాను. గీత ఏ మలుపు దగ్గర ఆగింది, ఆగిన చోట అవతల ఎవరున్నారు, లోపలున్న అద్దె దుకాణాలకి ఓటుందా లేదా. యూనిఫాం వేసుకుని ఊడుస్తూ వచ్చే మనిషి ఆ మలుపు దగ్గర ఆగి బండి వెనక్కి తిప్పుకుంటాడు. నాలుగడుగుల అవతల, అదే ఫుట్‌పాత్ మీద, కాగితాలు అలాగే ఎగురుతుంటాయి.