ఎవరికి రాలేదో కూడా అడగండి

పోయిన నెల మా ఇంట్లో వరసపెట్టి జ్వరాలు. సోమవారం పొద్దున బాబుకి, ఆ రాత్రికి మా ఆవిడకి, మంగళవారం తెల్లారేసరికి అమ్మకి. ఇంకేముంది, స్కూల్ నుంచి మోసుకొచ్చి అందరికీ అంటించాడని నేరం మొత్తం బాబు మీద పడిపోయింది. వాడు పాపం ముక్కు తుడుచుకుంటూ ఒప్పేసుకున్నాడు కూడా. నేనప్పటికి కొన్ని వారాలుగా ఎపిడెమియాలజీ గురించి చదువుతున్నా, కొత్త పిచ్చి కదా మంచి ఊపు మీద ఉన్నా, ఒక తెల్లకాగితం తీసుకుని ఎవరికి ఏ రోజు ఏ పూట మొదలైందో రాసుకుంటూ కూర్చున్నా. ఇంట్లోవాళ్ళు కషాయాలు కాస్తుంటే నువ్వు లెక్కలేస్తున్నావా అని చీవాట్లు కూడా పడ్డాయి. ఆ కాగితంలో ఏం తేలిందో తర్వాత చెప్తా.

ఎపిడెమియాలజీ అంటే జబ్బుల గురించే గానీ డాక్టర్ చూసే చూపు కాదు. డాక్టర్ ముందు ఒక మనిషి కూర్చుంటాడు, ఆ మనిషికి ఏమైందో చూడాలి. వీళ్ళ ముందు మాత్రం ఒక ఊరు కూర్చుంటుంది. ఎవరికొచ్చింది, ఎప్పుడొచ్చింది, ఎక్కడొచ్చింది, వాళ్ళకే ఎందుకొచ్చింది. నలభై మందికి జ్వరం అని ఎవరైనా అంటే వీళ్ళు వెంటనే అడిగేది ఎంతమందిలో నలభై అని. యాభై మందిలోనా, యాభై వేలలోనా? పైనున్న అంకె అందరూ చెప్తారు, కింద వేయాల్సిన అంకె కోసమే వీళ్ళు కాళ్ళరిగేలా తిరిగేది. నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికంటే నచ్చింది కూడా అదే, జబ్బు వచ్చినవాళ్ళని ఎవరైనా అడుగుతారు, రానివాళ్ళ ఇంటి తలుపు కూడా కొట్టేది వీళ్ళే.

నాకు బాగా పట్టేసిన కథ 1846 నాటి ఫేరో దీవులది. ఉత్తర అట్లాంటిక్‌లో చిన్న దీవుల గుంపు, అప్పట్లో జనాభా ఏడు వేల ఎనిమిది వందల లోపు. ఆ మార్చిలో కోపెన్‌హాగన్ నుంచి ఓడలో వచ్చిన ఒక వడ్రంగితో పాటు తట్టు కూడా దిగింది, అదే మీజిల్స్. కొన్ని నెలల్లో దాదాపు ఆరు వేల మందికి వచ్చేసింది. డెన్మార్క్ ప్రభుత్వం పంపిన డాక్టర్లలో పీటర్ పానమ్ అని ఒకాయన, వయసు పాతికేళ్ళు. వైరస్ అనే మాటకి ఇప్పుడున్న అర్థమే లేని కాలం అది, తట్టు వైరస్‌ని ల్యాబ్‌లో పట్టుకున్నది 1954 లో, అంటే ఆయన తర్వాత నూటెనిమిదేళ్ళకి. ఆయన చేతిలో ఉన్నది నోట్‌బుక్, పడవ ప్రయాణాలు, అంతే.

ఊరూరా తిరిగి తేదీలు అడిగాడు. ఒక కుగ్రామం నుంచి పదిమంది మగాళ్ళు జూన్ 4న వేరే చోటికి తిమింగలాల వేటకి వెళ్ళొచ్చారు. జూన్ 18న ఆ పదిమందికీ ఒకే రోజు దద్దుర్లు లేచాయి. పదిమందీ ఒకే రోజు! ఒకరి నుంచి ఒకరికి పాకితే అలా జరగదు, ఇవాళ ఒకడికి, రెండు వారాలకి ఇంకొకడికి అన్నట్టు ఉండాలి. అందరికీ ఒకేసారి లేచాయంటే అందరికీ ఒకే చోట ఒకే పూట అంటుకుందన్నమాట, ఆ వేట రోజునే. అంటుకున్నప్పటి నుంచి దద్దుర్లు లేచే దాకా పధ్నాలుగు రోజులు అని అలా తేలింది. దీన్నే ఇప్పుడు ఇంక్యుబేషన్ పీరియడ్ అంటున్నాం, కాకపోతే స్ట్రిక్ట్‌గా చెప్పాలంటే మొదటి లక్షణం కనపడే దాకా ఉన్న గ్యాప్ అది, తట్టులో జ్వరం దద్దుర్లకంటే కొన్ని రోజుల ముందే వస్తుంది.

ఇంకా అసలు విషయం ముసలివాళ్ళ దగ్గర దొరికింది. ఆ దీవుల్లో అంతకుముందు తట్టు వచ్చింది 1781 లో, అంటే అరవై అయిదేళ్ళ కింద. అప్పుడు చిన్నపిల్లలుగా ఉండి తట్టు పోసుకున్నవాళ్ళు కొందరు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళలో ఒక్కరికి కూడా ఈసారి రాలేదు. వయసు వల్లేమో అనుకోవచ్చు కదా, కానీ 1781 లో తప్పించుకున్న ముసలివాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి మాత్రం వచ్చింది. అదే వయసు, అవే దీవులు, తేడా అరవై అయిదేళ్ళ కిందటి జబ్బు ఒక్కటే. ఒకసారి వస్తే జన్మలో మళ్ళీ రాదు అని సూక్ష్మదర్శిని ముట్టుకోకుండా తేల్చేశాడాయన.

లండన్ కలరా కథ చాలామందికి తెలిసే ఉంటుంది, 1854, బ్రాడ్ స్ట్రీట్, ఆ వీధి పంపు నీళ్ళ వల్లే కలరా అన్న జాన్ స్నో అనే డాక్టర్, మ్యాపు, ఆ పంపు హ్యాండిల్ పీకించేయడం. సినిమా క్లైమాక్స్ లాగా చెప్తారు గానీ హ్యాండిల్ తీసిన సెప్టెంబర్ 8 నాటికే కలరా తగ్గుముఖం పట్టింది, చాలామంది జనం పేట వదిలి పారిపోయారు మరి. నాకు ఆ హ్యాండిల్ కంటే ఆ పేటలో చావని వాళ్ళే ఆసక్తిగా అనిపిస్తారు. ఆ వీధిలోనే బీరు తయారుచేసే చోట డెబ్భై మందికి పైగా పనివాళ్ళు, ఒక్కరూ చావలేదు, వాళ్ళకి బీరు ఫ్రీ, పైగా లోపలే వేరే బావి. పక్కనే పేదల వసతి గృహంలో అయిదు వందల పైచిలుకు మంది ఉంటే పోయింది అయిదుగురు, వాళ్ళకీ సొంత బావి ఉంది. చెడు గాలి వల్లే కలరా అని అప్పటి పెద్దలందరూ నమ్మేవారు కదా, మరి ఆ గాలి ఈ రెండు గోడలూ దూకకుండా ఎలా ఆగింది?

స్నో మాట తప్పని నిరూపిద్దామని హెన్రీ వైట్‌హెడ్ అని ఆ పేట చర్చి పాస్టర్ బయల్దేరాడు. జనం ఆయనకి తెలిసినవాళ్ళే, ఒక్కో ఇంటికి ఎన్నిసార్లయినా వెళ్ళగలడు. స్నో ఎక్కువగా పోయినవాళ్ళ గురించి అడిగితే ఈయన బతికున్నవాళ్ళని కూడా మీరు ఆ పంపు నీళ్ళు తాగారా అని అడిగాడు. తాగిన 137 మందిలో 80 మందికి జబ్బు, తాగని 297 మందిలో 20 మందికే. వందకి లెక్కేస్తే 58, 7. కాదని చెప్పడానికి వెళ్ళినాయనే ఔనని తిరిగొచ్చాడు, అలా మాట మార్చుకోగలిగిన వాళ్ళంటే నాకు భలే గౌరవం.

ఇక ఆర్ నంబర్. కోవిడ్ టైమ్‌లో టీవీల్లో తెగ అరిగిపోయింది కాబట్టి ఎక్కువ చెప్పను. జబ్బున్న ఒక మనిషి సగటున ఎంతమందికి అంటిస్తాడు, అదే ఆర్. రోజుకి ఎంతమందిని కలుస్తాడు, కలిస్తే అంటుకునే ఛాన్స్ ఎంత, ఎన్ని రోజులు అంటించగలడు, కలిసినవాళ్ళలో ఇమ్యూనిటీ లేనివాళ్ళు ఎంతమంది, ఈ నాలుగూ హెచ్చవేస్తే వచ్చేది. మాస్కైనా, ఐసొలేషనైనా, టీకా అయినా ఈ నాలుగింట్లో ఏదో ఒకదాని మీద దెబ్బ కొట్టడమే. ఒకరి నుంచి తర్వాతివాళ్ళకి పాకడం ఒక రౌండ్, రౌండ్‌కి మూడు రోజులనుకోండి, నెలకి పది రౌండ్లు. ఆర్ 2 అయితే ఒక్కడితో మొదలై పదో రౌండ్‌లో 1,024 మంది, 1.5 అయితే 58 దగ్గర ఆగుతుంది. ఆర్ ఒక్క అర తగ్గితే అంత తేడా! ఒకటి కంటే కిందకి దిగిందా, ఎంత నెమ్మదిగానైనా ఆరిపోవాల్సిందే. ఎవరికీ ఇమ్యూనిటీ లేని చోట తట్టుకి ఇది 12 నుంచి 18 దాకా ఉంటుందని చెప్తారు, ఒకడు పదిహేను మందికి అంటించే జబ్బుని ఒకరి దాకా దించాలంటేనే పదిహేనులో పద్నాలుగు మందికి ముందే రక్షణ ఉండాలి, తట్టు టీకా వందకి 95 మందికి పడాలని పట్టుబట్టేది అందుకే.

కానీ సగటు అనేది మోసం కూడా చేస్తుంది. 2003 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో ఒక హోటల్ తొమ్మిదో అంతస్తులో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉన్న ఒక డాక్టర్ ఒక రాత్రి బస చేశారు, అక్కడ అంటుకున్న గెస్టుల వల్ల అది వియత్నాం, సింగపూర్, కెనడా చేరిపోయింది. అదే సార్స్ వచ్చిన వాళ్ళలో చాలామంది మాత్రం ఒక్కరికి కూడా అంటించలేదు. సార్స్‌లో మనిషి బాగా జబ్బుపడ్డాకే ఎక్కువ అంటిస్తాడు, కాబట్టి జ్వరం వచ్చినవాళ్ళని వేరుచేస్తే సరిపోయింది, ఎనిమిది వేల పైచిలుకు కేసులతో ఆ ఏడాదే ఆగిపోయింది. కోవిడ్, ఫ్లూ అలా కాదు, ఒంట్లో బాలేదని మనకి తెలియకముందే పంచడం మొదలుపెట్టేస్తాం. ఇక టైఫాయిడ్‌లో అయితే న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది, తను ఆరోగ్యంగా తిరుగుతూనే పనిచేసిన ఇళ్ళల్లో అంటించింది, 1907 లో పట్టుకుని నిర్బంధంలో పెడితే చివరిదాకా తనలో జబ్బుందని ఒప్పుకోలేదు. మధ్యలో కొన్నేళ్ళు వదిలిపెట్టినా, మొత్తం మీద జీవితంలో పాతికేళ్ళకి పైగా ఒంటరిగా ఉంచేశారు. తప్పు ఎవరిదో నాకిప్పటికీ అర్థం కాదు.

సరే, మా కాగితం. ఆరుగురం. ముగ్గురికి జ్వరం, సోమవారం పొద్దుటికీ మంగళవారం పొద్దుటికీ మధ్య. ఒక్క రోజులో ముగ్గురు. ఫ్లూ లాంటివాటికి అంటుకున్నాక కనీసం ఒక రోజు, మామూలుగా రెండు రోజులు పడుతుంది, మరి సోమవారం పొద్దున పడుకున్న బాబు అదే రాత్రికి వాళ్ళమ్మని ఎలా పడగొట్టాడు? తిమింగలాల వేటకెళ్ళిన పదిమంది గుర్తొచ్చారు. ఇక రానివాళ్ళలో నాన్న ఉన్నారు, ఆయన గదిలోంచి బయటికి రావడమే తక్కువ. రెండోది అక్క. అక్క ఆఫీస్ పని మీద శుక్రవారం ఊరెళ్ళి సోమవారం సాయంత్రం వచ్చింది, వచ్చిన దగ్గర్నుంచీ రాత్రంతా బాబు పక్కనే కూర్చుని తడిగుడ్డ వేసింది. అంటించేది బాబే అయితే అందరికంటే ముందు అక్కకి రావాలి. ఒక్క మనిషిని పట్టుకుని ఏదీ తేల్చలేం, అది తెలుసు, కానీ అనుమానం మాత్రం శని, ఆదివారాల మీదకి పోయింది, ఆ రెండు రోజులు ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి ఏముంది అని అడుగుతూ పోయా.

శనివారం ఎవరో దగ్గారు కదా అంది అమ్మ, దుప్పటి కప్పుకునే.

దగ్గింది నేనే. శుక్రవారం రాత్రి నుంచి గొంతు గరగర, ఒళ్ళు కొంచెం వెచ్చగా, ఏసీ పడలేదులే అనుకుని మాత్ర వేసుకుని వదిలేశా, ఆదివారానికి తగ్గిపోయింది కూడా. శనివారమంతా బాబుకి లెక్కలు చెప్తూ వాడి మొహం మీదకి వంగి కూర్చున్నా. కాగితం మీద బాబు పేరు నుంచి గీసిన బాణాలన్నీ కొట్టేసి, పైన నా పేరు రాసి, అక్కడి నుంచి మూడు బాణాలు గీశా. బాబు ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించాడు, ఇప్పటికీ తీయనివ్వట్లేదు.