గురక ఆగింది, మాస్కు మాత్రం వెంటనే తీయలేదు

బరువు తగ్గడానికి కడుపులో చాలా భాగం తీసేసే స్లీవ్ సర్జరీ అయ్యాక మా ఇంట్లో అందరికంటే ముందు ఊపిరి పీల్చుకున్నది మా ఆయన. ఏళ్ల తరబడి ఆయన నిద్ర చెడగొట్టిన నా గురక కొద్ది నెలల్లోనే ఆగిపోయింది. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా జబ్బుకి నేను రాత్రిళ్లు మాస్కుతో వాడే గాలి మిషన్ చూపించి, "ఇంకా ఆ మిషన్ ఎందుకు? తీసి పక్కన పెట్టెయ్" అని అనడం మొదలుపెట్టారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. పక్కన పడుకునే మనిషికి ఈ జబ్బు కనపడేది, వినపడేది గురక రూపంలోనే. నాకూ ఆ మాస్కు ఎప్పుడు వదులుతుందా అనే ఉండేది. కానీ గురక పోవడం వేరు, స్లీప్ ఆప్నియా పోవడం వేరు. ఆపరేషన్ ముందు ఏం చేయాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. బరువు దిగుతున్న ఆ మధ్యకాలంలో మిషన్‌ని ఏం చేసుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు జబ్బు బయటపడటమే ఆలస్యమైంది. పొద్దున్నే తలనొప్పి, రాత్రి మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కి లేవడం, పగలంతా నీరసం. మొదట థైరాయిడ్ అన్నారు, తర్వాత రక్తం తక్కువన్నారు, ఆ తర్వాత వయసన్నారు. ఆడవాళ్లలో ఈ జబ్బు చాలాసార్లు ఇలా అలసట రూపంలోనే ఉండి, ఎవరి కంటా పడకుండా పోతుందట. చివరికి బీపీ మందులు రెండైనా అదుపులోకి రాకపోవడంతో, నిద్రలో ఊపిరిని కొలిచే స్లీప్ స్టడీ చేయించారు. గంటకి సగటున 52 సార్లు నా ఊపిరి ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. ఈ లెక్కనే ఏహెచ్ఐ అంటారు. 5 లోపు ఉంటే మామూలు, 15 దాకా తక్కువ స్థాయి, 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నిద్రలో ఆక్సిజన్ 78 శాతానికి పడిపోయిన క్షణాలు కూడా ఆ రిపోర్టులో ఉన్నాయి. ఆ కాగితం చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

సీపాప్ మిషన్ పెట్టారు. గాలిని ఒత్తిడితో లోపలికి పంపి, నిద్రలో గొంతు మూసుకుపోకుండా నిలబెట్టి ఉంచుతుంది. నాకు 14 ప్రెషర్ పెట్టారు. అలవాటు పడ్డాక నా బతుకే మారిపోయింది. తలనొప్పి పోయింది, రాత్రిళ్లు లేవడం తగ్గింది. అందుకే ఆపరేషన్‌కి వెళ్లేటప్పుడు మత్తు డాక్టర్ గారు "మీ మిషన్, మీ మాస్కు మీతోనే తెచ్చుకోండి" అంటే ఎందుకని అడగలేదు. మత్తు దిగే వేళ, నొప్పి తగ్గించే బలమైన మందులు వాడే వేళ ఊపిరి ఇంకా మందగిస్తుంది. ఆప్నియా ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ఆసుపత్రిలో మొదటి రాత్రి నుంచే మాస్కు పెట్టుకునే పడుకున్నాను.

బరువు దిగడం మొదలయ్యాక అసలు తిప్పలు వచ్చాయి. ముందు మాస్కు. ముఖం మీద కండ తగ్గుతుంటే ముక్కు దూలం పక్కన సందు పడి, గాలి సన్నగా ఈల వేసినట్టు బయటికి వచ్చేది. అది నేరుగా కళ్లలోకి కొట్టేది. పొద్దున్నకి కళ్లు ఎర్రగా, ఇసుక పోసినట్టు ఉండేవి. పట్టీ బిగిస్తే చెంపల మీద గీతలు పడేవి గానీ సందు మాత్రం పూడేది కాదు. ఒక రాత్రి మా అమ్మాయి నా పక్కన కూర్చుని మాస్కు అంచు చుట్టూ వేలు పెట్టి చూస్తూ, "అమ్మా, ఇక్కడ కాదు, ఇక్కడ పోతోంది గాలి" అని చూపించింది. మాస్కు చెడిపోలేదు. ఆ సైజు నా ముఖానికి ఇక సరిపోదు, అంతే. కొత్త కుషన్, ఒక సైజు చిన్నది, తెప్పించుకున్నాక ఆ బాధ తీరింది. బరువు తగ్గుతున్నవాళ్లు మాస్కు కొలత మళ్లీ చూపించుకోవాలి. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే నా కళ్లకి అంత శ్రమ ఉండేది కాదు.

రెండోది ఇంకా ఇబ్బంది పెట్టింది. తెల్లారేసరికి పొట్ట బిగుసుకుపోయి ఉండేది. వరసగా త్రేన్పులు. స్లీవ్ తర్వాత కడుపు సన్నటి గొట్టంలా మిగులుతుంది కదా, అందులో కాస్త గాలి చేరినా పట్టేసినట్టు ఉంటుంది. ఆపరేషన్‌లో ఏదైనా తేడా వచ్చిందేమో అని చాలా టెన్షన్ పడ్డాను. సర్జన్ గారు పరీక్షించి కుట్లన్నీ బాగున్నాయన్నారు, స్లీప్ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లమన్నారు. ఆవిడ మిషన్‌లోని కార్డు తీసి కంప్యూటర్‌లో చూసి, "మీ గొంతుకి ఇప్పుడు 14 అక్కర్లేదండీ. మిగిలిన గాలి మీరు మింగుతున్నారు" అన్నారు. పాత బరువుకి పెట్టిన ప్రెషర్ కొత్త శరీరానికి ఎక్కువైపోయిందన్నమాట. స్థిరమైన ప్రెషర్ తీసేసి ఆటో పద్ధతిలో, 5 నుంచి 12 మధ్య, అవసరాన్ని బట్టి అదే మార్చుకునేలా పెట్టారు. తర్వాతి నెల రిపోర్టులో రాత్రిలో 95 శాతం సమయం 8 గానీ అంతకంటే తక్కువ గానీ సరిపోయింది. పొట్ట ఉబ్బరం తగ్గిపోయింది. ఈ ఇబ్బందికి విసిగి మిషన్ మూలన పడేసేవాళ్లు ఉంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆ ఉబ్బరం మిషన్ అవసరం తీరిపోయిందనడానికి గుర్తు కాదు, ప్రెషర్ సరిచేయాలనడానికి గుర్తు.

ఆ రోజుల్లో మిషన్ తెర మీద రోజూ పొద్దున్నే ఏహెచ్ఐ 1.8, 2.1 అని కనపడేది. మా ఆయన దాన్ని చూపించి, "చూడు, రెండే కదా, నీకు తగ్గిపోయినట్టే" అన్నారు. ఇదే మాట డాక్టర్ గారిని అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు: "అది మిషన్ పెట్టుకుని పడుకున్నప్పటి లెక్క. మిషన్ బాగా పనిచేస్తోందని చెబుతుంది. మిషన్ లేకపోతే ఎంతుంటుందో అది చెప్పలేదు." నా మొత్తం అనుభవంలో అందరికీ చెప్పాలనిపించేది ఈ ఒక్క సంగతే. కళ్లద్దాలు పెట్టుకుని అక్షరాలు స్పష్టంగా చదివినంత మాత్రాన చూపు సరైపోయిందనుకోం కదా.

మరి మిషన్ లేకుండా ఎంతుందో చూసే పరీక్ష ఎప్పుడు? బరువు ఇంకా దిగుతూ ఉండగా చేస్తే ఆ లెక్క నాలుగు నెలల్లో పాతబడిపోతుందని, కాస్త నిలకడ వచ్చాక చేద్దామన్నారు. పరీక్ష ముందు కొన్ని రాత్రులు మిషన్ లేకుండా పడుకోమన్నారు, ఆ రోజుల్లో కారు నడపొద్దని గట్టిగా చెప్పారు. ఇంట్లోనే చేసుకునే పరీక్ష. ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం. గురక లేదు, బరువు బాగా తగ్గింది, పగలు హుషారుగా ఉన్నాను. అంతా పోయిందనే నమ్మకంతో పడుకున్నాను.

ఏహెచ్ఐ 13 వచ్చింది. వెల్లకిలా పడుకున్నప్పుడు 26, పక్కకి తిరిగినప్పుడు 4. ఆక్సిజన్ 86 దాకా దిగింది.

అక్కడే కళ్లనీళ్లు వచ్చేశాయి. ఇంత చేసినా ఇంకా ఉందా అని. డాక్టర్ గారు నన్ను కాసేపు అలాగే వదిలేసి, తర్వాత వివరంగా మాట్లాడారు. 2009లో కొన్ని అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్ల సగటు ఏహెచ్ఐ 54.7 నుంచి 15.8కి దిగిందట. అంటే చాలా పెద్ద మెరుగుదలే. కానీ చాలామందికి జబ్బు కొంత మిగిలే ఉంటుంది. నాలుకలో కూడా కొవ్వు చేరుతుందని, బరువుతో పాటు అది కరగడం వల్లే ఆప్నియా చాలావరకు తగ్గుతుందని 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఎమ్మారై స్కాన్లతో చూపించారు. ఐతే దవడ కట్టు, పుట్టుకతో ఉన్న గొంతు ఇరుకు, వయసు — ఇవి బరువుతో మారవు. "మీరు ఓడిపోలేదు. 52 నుంచి 13కి వచ్చారు. ఇంకొంతకాలం తక్కువ ప్రెషర్‌తో వాడదాం, మళ్లీ చూద్దాం" అన్నారు. ఆ మాట నన్ను నిలబెట్టింది. ఇంటికొచ్చి ఆ రాత్రే మాస్కు పెట్టుకున్నాను. మా ఆయన ఆ తర్వాత మిషన్ తీసెయ్యమని ఎప్పుడూ అనలేదు. నేను వెల్లకిలా తిరిగితే మెల్లగా భుజం తట్టేవారు.

బరువు పూర్తిగా నిలకడకి వచ్చాక రెండో పరీక్షలో 6 వచ్చింది. వెల్లకిలా పడుకున్నప్పుడే కాస్త ఎక్కువ. ఆక్సిజన్ 90 కంటే కిందికి పోలేదు. బీపీకి ఒక మందు అప్పటికే తీసేశారు. పగటి మగతకి వాళ్లడిగే ఎప్‌వర్త్ ప్రశ్నల్లో 24కి 4 వచ్చింది. 10 దాటితేనే ఆలోచించాలట. ఇవన్నీ కలిపి చూశాకే మిషన్ ఆపవచ్చన్నారు. పక్కకి తిరిగి పడుకోవడం మాత్రం మానొద్దన్నారు. వీపుకి చిన్న దిండు కట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఆపిన కొంతకాలానికి మళ్లీ విపరీతమైన నీరసం మొదలైంది. జబ్బు తిరగబెట్టిందనే భయంతో మిషన్ బయటికి తీసి పెట్టుకున్నాను. డాక్టర్ గారు ముందు రక్తపరీక్షలు చేయించారు. ఐరన్, బీ12 రెండూ బాగా పడిపోయాయి. స్లీవ్ చేయించుకున్నవాళ్లకి ఇది తరచూ వచ్చేదే. ఎందుకైనా మంచిదని నిద్రలో ఊపిరి పరీక్ష కూడా మళ్లీ చేశారు, అందులో ఏహెచ్ఐ 5 వచ్చింది. ఇంజెక్షన్లు, మాత్రలు వాడాక నీరసం తగ్గింది. అలసట వచ్చిన ప్రతిసారీ ఆప్నియానే అనుకోకూడదు, అలాగని అది కాదని మనమే తేల్చేసుకోనూ కూడదు. పరీక్ష చేయించుకోవాలి.

మిషన్‌ని ఎవరికీ ఇచ్చేయొద్దన్నారు. బరువు తిరిగి పెరిగితే ఆప్నియా కూడా తిరిగి రావచ్చు, ఒక్కోసారి గురక లేకుండానే. పొద్దున తలనొప్పి మొదలైనా, బీపీ ఎక్కినా, బరువు కొద్దిగా పెరుగుతున్నట్టు అనిపించినా కబురు చెయ్యమన్నారు. ఇంకోసారి ఏ ఆపరేషన్‌కైనా వెళ్తే, నాకు ఒకప్పుడు తీవ్రమైన ఆప్నియా ఉండేదని మత్తు డాక్టర్‌కి ముందే చెప్పమన్నారు. ఆ సంగతి రాసిన కాగితాన్ని పాత రిపోర్టు, కొత్త రిపోర్టుతో కలిపి ఒకే ఫైల్‌లో పెట్టాను. ఆ ఫైల్ ఎక్కడుందో మా అమ్మాయికి కూడా చూపించి ఉంచాను.