మామ్మ మళ్ళీ అదే ఎందుకడుగుతోంది?

"ఇందాకే చెప్పాను కదా మామ్మా!" అని విసుక్కునే పిల్లలకి ముందు ఒక్కటి చెప్పండి: ఆవిడ మర్చిపోలేదు, ఆ మాట అసలు బుర్రలోకి ఎక్కలేదు. ఆవిడకొచ్చిన అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో తొలుత దెబ్బతినేది సాధారణంగా కొత్త సంగతుల్ని దాచుకునే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం. అందుకే 1986 గోదావరి వరద పూసగుచ్చినట్టు చెప్పే మనిషికి పొద్దున్న తిన్న పెసరట్టు గుర్తుండదు.

"నేనెవరో చెప్పుకో" అనే ఆట వద్దు. చుట్టాలకది సరదా, ఆవిడకి అవమానం. పిల్లే ఎదురుగా వచ్చి "మామ్మా, నేను మీ పెద్దబ్బాయి కూతుర్ని" అంటే సరి.

చేతికొచ్చిన పని మాత్రం చాన్నాళ్ళు పోదు. గుప్పెడు కనకాంబరాలు, రెండు మూరల దారం ముందు పెట్టండి. పిల్ల జతలు జతలుగా అందిస్తే ఆవిడ ముడేసుకుంటూ పోతుంది. మధ్యలో ఆగిపోతే "తర్వాతేంటి?" అని అడక్కూడదు, ఇంకో జత చేతిలో పెట్టాలి. మాల వంకరగా వచ్చినా విప్పి మళ్ళీ కట్టకండి, ఆవిడ చూస్తుంది.

పొద్దుగూకితే "మా ఇంటికెళ్ళిపోతా" అని లేస్తారు. "ఇదే మనిల్లు" అని వాదిస్తే గొడవ పెరుగుతుంది. చీకటి పడకముందే లైట్లేసి, "మీ ఇంట్లో ఎన్ని కొబ్బరిచెట్లుండేవి?" అని పిల్లలు అడిగితే మాట మళ్ళుతుంది. కాలవగట్టు వైపు గేటుకి గడియ పెట్టడం మాత్రం పెద్దవాళ్ళ పని, పిల్లల్ని కాపలా పెట్టకండి.

ఈ జబ్బు అంటుకోదనీ, వాళ్ళ అల్లరి వల్ల రాలేదనీ పిల్లలు అడక్కపోయినా చెప్పండి. ఒకట్రెండు రోజుల్లోనే ఆవిడకి తికమక బాగా పెరిగిందా? మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది కావచ్చు, వెంటనే డాక్టరుకి చూపించండి.